పాత కాలం కారు మోజా..? బయానా ఇచ్చే ముందు ఇవి చెక్ చేయకపోతే నిండా మునిగినట్లే!

లాడ్ బజార్‌లో ఒక జత లక్క గాజులు కొనాలంటే పది షాపులు తిరుగుతాం. రాళ్లు గట్టిగా ఉన్నాయా, రంగు పోతుందా అని చేత్తో తిప్పి తిప్పి చూస్తాం. చెప్పిన రేటులో సగానికి బేరం మొదలుపెడతాం. అదే లక్షలు పోసి పాత కాలం కారు కొనేటప్పుడు మాత్రం ఫోన్‌లో నాలుగు ఫొటోలు, ఒక వీడియో చూసి బయానా పంపేసేవాళ్లు ఉన్నారు. మోసగాళ్లకు కావాల్సింది సరిగ్గా అదే.

హైదరాబాద్‌కు పాత కార్ల మోజు కొత్తేం కాదు. లాడ్ బజార్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే చౌమహల్లా ప్యాలెస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను అక్కడ చూడొచ్చు. 1911లో ఆయన కన్నుమూశాకే ఆ కారు ఇక్కడికి చేరింది. ఇలాంటి కారుకు విలువ పెయింట్ మెరుపుతో రాదు. దాని చరిత్ర, ఒరిజినాలిటీతో వస్తుంది. మోసం జరిగేది కూడా అక్కడే.

'క్లోన్' కారు అంటే ఏంటి?

1960ల నాటి మస్టాంగ్, కమారో లాంటి అమెరికన్ మజిల్ కార్లలో మామూలు మోడల్‌కు, పవర్‌ఫుల్ మోడల్‌కు రేటులో చాలా తేడా ఉంటుంది. అందుకే మామూలు కారుకు పెద్ద ఇంజిన్, కొత్త బ్యాడ్జీలు తగిలించి టాప్ మోడల్ అని అమ్మేస్తారు. దీన్నే క్లోన్ అంటారు.

దీన్ని పట్టేది నంబరే. ఆ కాలపు ఫోర్డ్ మస్టాంగ్ నంబర్‌లో మొదటి అంకె మోడల్ ఏడాదిని, ఐదో అక్షరం ఇంజిన్ రకాన్ని చెబుతాయి. బానెట్ కింద ఉన్న ఇంజిన్, ఆ అక్షరం కలవకపోతే డౌట్ పడాల్సిందే. ఇంకో విషయం.. 17 అక్షరాల నంబర్ పద్ధతి 1981 మోడళ్ల నుంచే వచ్చింది. 1967 కారుకు 17 అక్షరాల ఒరిజినల్ నంబర్ ఉందంటే ఏదో తేడా ఉన్నట్లే.

అంబాసిడర్, ఫియట్, విల్లీస్ జీప్ ఏది కొన్నా ఇదే సూత్రం. ఛాసిస్ నంబర్‌ను పెన్సిల్ ప్రింట్ తీసి ఆర్సీతో పోల్చండి. నంబర్ చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త వెల్డింగ్ కనిపిస్తే అక్కడే ఆగిపోండి. అది దొంగ బండి కావొచ్చు.

కాగితాల్లో ఏం చూడాలి?

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి వివరాలు సరిచూడండి. ఫైనాన్స్ బాకీ ఉంటే ఫామ్ 35తో అది క్లియర్ అయ్యాకే ముందుకెళ్లండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ ఎన్‌వోసీ ఉండాలి. విదేశాల నుంచి వచ్చిన కారైతే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ అడగండి. 'తర్వాత ఇస్తాం' అంటే నమ్మొద్దు.

కొన్నాక 30 రోజుల్లోగా ఆర్సీ మీ పేరు మీదకు మార్చడానికి అప్లై చేయాలి. అమ్మేవాళ్లకూ ఇది ముఖ్యమే. యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

'వింటేజ్ నంబర్ ఇప్పిస్తాం' అంటున్నారా?

2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఫీజు రూ.20 వేలు, గడువు 10 ఏళ్లు. నంబర్ ప్లేట్‌లో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే క్లోన్ కారు కొంటే ఈ దారి కూడా మూసుకుపోయినట్లే. పైగా వింటేజ్ నంబర్ బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడం కుదరదు. ర్యాలీ, ఎగ్జిబిషన్, పెట్రోల్, రిపేర్ లాంటి వాటికే అనుమతి.

ఫోన్‌లోనే డీల్ అంటే..

'ఆర్మీలో పనిచేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంటుగా అమ్మేస్తున్నా' అనే కథ పాతదే అయినా ఇంకా నడుస్తోంది. ఐడీ కార్డు ఫొటో పంపుతారు. రేటు నమ్మలేనంత తక్కువ చెబుతారు. ట్రాన్స్‌పోర్ట్ చార్జీలని, జీఎస్టీ అని విడతలవారీగా లాగుతారు. డబ్బు రిటర్న్ చేస్తామని క్యూఆర్ కోడ్ కూడా పంపుతారు. గుర్తుంచుకోండి.. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోయినట్లే.

బండిని కళ్లారా చూసి, పాత కార్లు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, ఆర్సీలో పేరున్న మనిషితోనే మాట్లాడండి. డబ్బు బ్యాంకు ద్వారా ఆ ఓనర్ అకౌంట్‌కే వేయండి.

ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. చాటింగ్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయొద్దు. కేసుకు అవే ఆధారం.

గాజులు నచ్చకపోతే రేపు వేరే జత కొనుక్కోవచ్చు. దొంగ బండి కొంటే మాత్రం డబ్బు పోతుంది, బండిని పోలీసులు పట్టుకెళ్తారు, స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మీరే. ఒక్కరోజు ఆగి చెక్ చేసుకుంటే పోయేదేం లేదు.