పాఠం వయసెంత? ఫొటో ఎడిటింగ్ నేర్చుకోబోయేవాళ్లకు కొన్ని లెక్కలు

2018 అక్టోబరుకు ముందు అచ్చయిన ఫొటోషాప్ పుస్తకాల్లో ఒక హెచ్చరిక మామూలుగా కనబడేది: ఫొటో సైజు మార్చేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకోండి, లేకపోతే ఆకారం చెడిపోతుంది. ఆ అక్టోబరులో వచ్చిన 20వ వెర్షన్‌లో అడోబీ దీన్ని తిరగేసింది. అప్పటినుంచి ఏమీ నొక్కకుండా లాగితేనే ఫొటో కుదురుగా పెరుగుతుంది. పాత పుస్తకం చెప్పినట్టు షిఫ్ట్ నొక్కితే పెళ్లికూతురి మొహం గుమ్మడికాయలా సాగుతుంది. కంట్రోల్ జెడ్ కూడా అదే విడతలో మారింది. అంతకుముందు రెండోసారి నొక్కితే, తీసేసిన మార్పు మళ్లీ తిరిగొచ్చేది. ఒక్కో అడుగూ వెనక్కి వెళ్లాలంటే ఆల్ట్ కూడా కలపాల్సి వచ్చేది. ఇప్పుడు ఎన్నిసార్లు నొక్కితే అన్ని అడుగులు వెనక్కి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇలాంటి చోటే ఆగిపోతారు. పాఠంలో చెప్పినట్టే చేశాం, మనకెందుకు రాలేదు అనుకుంటారు. చేతకాదేమోనన్న అనుమానం మొదలవుతుంది. నిజానికి వాళ్ల దగ్గరున్న సాఫ్ట్‌వేర్ ఒక ఏడాదిది, పాఠం ఇంకో ఏడాదిది. పుస్తకమో, వీడియో కోర్సో, వీధి చివరి ఇన్‌స్టిట్యూటో ఎంచుకునేటప్పుడు అందరూ ఫీజు చూస్తారు, వ్యూస్ చూస్తారు, చెప్పేవాళ్ల పేరు చూస్తారు. తేదీ చూసేవాళ్లు తక్కువ. నా మటుకు నేను తేదీకే మొదటి మార్కు వేస్తాను.

తేదీ కనుక్కోవడానికి చిన్న కూడిక చాలు. హెల్ప్ మెనూలో అబౌట్ ఫొటోషాప్ నొక్కితే వెర్షన్ అంకె కనబడుతుంది. 20 మొదలు ఇటీవలి వెర్షన్లకు, ఆ అంకెకు 1999 కలిపితే ఏ ఏడాది పేరుతో విడుదలైందో తెలుస్తుంది. 20 అంటే 2019, 22 అంటే 2021, 26 అంటే 2025. కొత్త పెద్ద వెర్షన్ సాధారణంగా ముందటి ఏడాది శరత్కాలంలోనే వచ్చేస్తుంది కాబట్టి పేరుకూ పుట్టుకకూ కొన్ని నెలల తేడా ఉంటుంది. మన దగ్గర ఇప్పటికీ 7.0 మీద పని లాగించే ఫొటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు ఉన్నాయి. అది 2002 నాటిది. మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్ వచ్చింది అందులోనే. స్మార్ట్ ఆబ్జెక్టులు వచ్చింది 2005లో. చకచకా ఎంపిక చేసే క్విక్ సెలెక్షన్ 2007 నాటి సీఎస్3లో, ఖాళీని చుట్టుపక్కల రంగులతో నింపే కంటెంట్ అవేర్ ఫిల్ 2010 నాటి సీఎస్5లో వచ్చాయి. స్టూడియోలో 7.0 ముందు కూర్చునే కుర్రాడికి ఈ ఏడాది తీసిన కోర్సు కొనిపెడితే, అందులో సగం మెనూలు అతని తెర మీద ఉండవు. అతనికి పాత పుస్తకమే కొత్త పుస్తకం.

తేదీ ఒక్కటే చూసి పాతవన్నీ పారేయమని కాదు. 1987లో మిషిగన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ థామస్ నోల్ రాయడం మొదలుపెట్టి, తమ్ముడు జాన్ నోల్‌తో కలిసి పెంచిన ప్రోగ్రామ్ 1990 ఫిబ్రవరిలో ఫొటోషాప్ 1.0 పేరుతో బయటికొచ్చింది. లేయర్లు 1994లో 3.0తో వచ్చాయి, అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో 4.0తో వచ్చాయి. ఫొటో వెలుగునీడలు సరిచేసే పనిలో అసలు సరుకంతా అక్కడికే దాదాపు పూర్తయింది. నలుపుకు 0, తెలుపుకు 255, మొత్తం 256 మెట్లు. హిస్టోగ్రామ్ చదవడం, కర్వ్ ఎక్కడ పట్టుకుని ఎటు లాగాలో తెలియడం, మాస్క్ మీద నలుపు పూస్తే దాగి తెలుపు పూస్తే బయటపడుతుందని అర్థం కావడం, వీటికి వయసు లేదు. ఇవి చెప్పే పుస్తకం పాతదైనా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదులుకోకూడదు.

డాన్ మార్గులిస్ రాసిన ప్రొఫెషనల్ ఫొటోషాప్ 1994లో మొదలై 2006లో అయిదో ఎడిషన్ దాకా వచ్చింది. అందులోని తెరబొమ్మలు ఇప్పటి తెరతో కలవవు. పద్ధతి మాత్రం ఈరోజుకీ పనికొస్తుంది. కంటిని నమ్మకండి, ఇన్ఫో ప్యానెల్‌లో అంకెలు చదవండి అనేది ఆయన దారి. చర్మం మీద కర్సర్ పెట్టి సీఎంవైకే అంకెలు చూస్తే, పసుపు మెజెంటాకు సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి. మెజెంటా మించిపోతే మొహం ఎర్రబడి గులాబీ రంగులోకి పోతుంది. తెల్లటి చాయకు సయాన్, మెజెంటాలో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది, చాయ నలుపయ్యేకొద్దీ అది పెరుగుతుంది. మన పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లకు ఈ ఒక్క పేరా కంఠతా పట్టించాలని నాకు అనిపిస్తుంది. చామనచాయ పిల్లను సున్నం కొట్టినట్టు తెల్లగా మార్చడాన్నే ఎడిటింగ్ అనుకునే అలవాటు మన స్టూడియోల్లో బాగా పాతుకుపోయింది. పాలిపోయిన చాయనే మోడల్‌గా పెట్టుకునే వీడియో పాఠాలు ఆ అలవాటును ఇంకా పెంచుతున్నాయి. చామనచాయ మొహం మీద పనిచేసి చూపించే పాఠం దొరికితే దానికి రెండు మార్కులు ఎక్కువేయండి.

పాడైన పాత ఫొటోలు బాగుచేయడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు కాట్రిన్ ఐస్‌మన్ పుస్తకం ఉంది. 2001లో మొదటిసారి వచ్చింది, తరవాతా ఎడిషన్లు వచ్చాయి. ఈ పనిలో ఓపిక పాలెక్కువ, మెనూల పాలు తక్కువ. అందుకే అది కూడా నెమ్మదిగా ముసలిదవుతుంది.

అన్నిటికంటే తొందరగా ముసలయ్యేవి కృత్రిమ మేధ పాఠాలు. ఆకాశం మార్చే స్కై రీప్లేస్‌మెంట్, న్యూరల్ ఫిల్టర్లు 2020 అక్టోబరులో వచ్చాయి. మాట రాస్తే బొమ్మ నింపే జెనరేటివ్ ఫిల్ 2023 మే నెలలో బీటాగా, సెప్టెంబరులో అందరికీ వచ్చింది. వీటికోసం డబ్బు పెట్టి కోర్సు కొనడం నాకు దండగ అనిపిస్తుంది. బటన్ నొక్కడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది, ఆ పది నిమిషాల వీడియో ఉచితంగానే దొరుకుతుంది, ఏడాది తిరిగేసరికి బటన్ చోటు మారుతుంది.

వీడియో నిడివి సంగతికొద్దాం. ఆన్‌లైన్ చదువుల వేదిక ఎడెక్స్‌లోని నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి ఫిలిప్ గువో, మరో ఇద్దరు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. వీడియో ఎంత పొడుగున్నా, మధ్యస్థ ప్రేక్షకుడు 6 నిమిషాలకు మించి నిలబడలేదు. అవి ఫొటోషాప్ కోర్సులు కావు, అయినా ఆ అంకె గుర్తుపెట్టుకోవాల్సిందే. 5 గంటల సంపూర్ణ కోర్సు అని కనబడితే ఆ 5 గంటలు ఎన్ని ముక్కలుగా ఉన్నాయో చూడండి. 6 నిమిషాల చొప్పున 50 ముక్కలైతే మేలు. ఒక్కో ముక్క చూశాక ఆపి, అదే పని మీ ఫొటో మీద చేయడానికి కనీసం దానికి మూడింతలు పడుతుందని నా అంచనా. అంటే 50 ముక్కలకు 15 గంటల చేతిపని, చూడటంతో కలిపి 20 గంటలు. రోజుకు అరగంట దొరికేవాళ్లకు అది 40 రోజులు. కొనేముందు ఈ గుణకారం చేస్తే, 60 గంటల కోర్సు చవగ్గా వస్తోందని ఎగబడటం తగ్గుతుంది.

చవక గురించి ఇంకో అంకె. ఎంఐటీ, హార్వర్డ్ ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు తీసి 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 2017-18లో చేరినవాళ్లందరిలో పూర్తిచేసింది 3.13 శాతం. డబ్బు కట్టి సర్టిఫికెట్ దారిలో నమోదైనవాళ్లలో అది 46 శాతం. డబ్బు కడితే చదువొస్తుందని దీనర్థం కాదు. పూర్తిచేసే ఉద్దేశం ఉన్నవాళ్లే డబ్బు కట్టారని కూడా అనుకోవచ్చు. కట్టినవాళ్లలోనూ సగానికి పైగా మధ్యలో దిగిపోయారన్నది నాకు ఎక్కువ ఆసక్తి కలిగించిన సంగతి.

ఇంగ్లీషులో బోలెడు మంచి పాఠాలున్నాయి. మన దేశం నుంచే ఉన్మేష్ డిండా నడిపే పిక్సింపర్‌ఫెక్ట్ చానల్‌ను ప్రపంచమంతా చూస్తోంది, అందులో ఎలా చేయాలో మాత్రమే కాదు, ఎందుకు చేయాలో కూడా చెబుతాడు. అయితే తెలుగువాళ్లకు రోజూ ఎదురయ్యే ఒక చిక్కు ఇంగ్లీషు పాఠాల్లో సాధారణంగా కనబడదు: తెలుగు అక్షరాలు. శుభలేఖ మీద స్త్రీ అని టైప్ చేస్తారు. మనకు అది ఒకే అక్షరం. యూనికోడ్ లెక్కలో 6 సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వీటిని కలిపి ఒత్తులు పేర్చే పని టెక్స్ట్ ఇంజిన్‌ది. ఫొటోషాప్‌లో అది లాటిన్ లిపికి సరిపోయేలా ఉంటే ఒత్తులు విడిపోయి పొల్లులు వరసగా నిలబడతాయి. శ్రీరస్తు మొదటి అక్షరమే ముక్కలవుతుంది. ఫాంట్ పాడైందనుకుని రామభద్ర తీసి మండలి పెడతారు, అదీ అలాగే వస్తుంది. మందు వేరే చోట ఉంది. పాత సీసీ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకోవాలి. కొత్త వెర్షన్లలో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. 7.0లో ఈ సదుపాయమే లేదు, డీటీపీ సెంటర్లు అను ఫాంట్లను పట్టుకుని ఉండటానికి ఇదొక కారణం. అను ఫాంట్‌లో కొట్టింది లోపల ఇంగ్లీషు సంకేతాలుగానే ఉంటుంది కాబట్టి ఎక్కడైనా కుదురుగా కనబడుతుంది, ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మాత్రం పిచ్చిగీతలు.

అందుకే తెలుగు వనరుకు నేను పెట్టే పరీక్ష ఒకటే. ఆ మాస్టారు తెలుగు టైపింగ్ గురించి ఒక్క పాఠమైనా చెప్పారా? చెప్పకపోతే అది ఇంగ్లీషు పాఠానికి తెలుగు డబ్బింగ్ మాత్రమే. ఇన్‌స్టిట్యూట్‌లో చేరేవాళ్లయితే యూనికోడ్ నేర్పుతారా, అను నేర్పుతారా, ఏ వెర్షన్ మీద నేర్పుతారు అని ముందే అడగాలి. ఐటీఐల్లో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ ట్రేడ్ ఏడాది చదువు. ఫొటోగ్రఫీనే వృత్తిగా తీసుకునేవాళ్లకు హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. పది పాస్‌పోర్టు ఫొటోలు చక్కబెట్టుకోవాలనుకునేవాళ్లకు ఈ రెండూ అక్కర్లేదు.

పనిని బట్టి పాఠం ఎంత పొడుగో తేలిపోతుంది. అమెరికా వీసా దరఖాస్తుకు చదరపు ఫొటో కావాలి: పక్కకు 600 నుంచి 1200 పిక్సెళ్లు, ఫైలు 240 కేబీ దాటకూడదు, తల ఎత్తు ఫొటో ఎత్తులో 50 నుంచి 69 శాతం. రూపం మార్చేలా మొహాన్ని సవరించడానికి వీల్లేదు. దీనికి క్రాప్, ఇమేజ్ సైజు, జేపెగ్ నాణ్యత తెలిస్తే చాలు, ఒక్క సాయంత్రం పని. పెళ్లి ఆల్బమ్‌లో 12 అంగుళాలకు 36 అంగుళాల షీట్ వేరే లోకం. 300 డీపీఐ దగ్గర అది 3,600కు 10,800, అంటే దాదాపు 3.89 కోట్ల పిక్సెళ్లు. 6,000కు 4,000 ఇచ్చే 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటోలో ఉండేది 2.4 కోట్లే. షీట్ నిండా పరిచిన ఒక్కో లేయర్ సుమారు 110 ఎంబీ తింటుంది, పది లేయర్లకు ఒక జీబీ దాటుతుంది, 16 బిట్‌లో పనిచేస్తే దానికి రెట్టింపు. అడోబీ కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది, 16 ఉంటే మంచిదంటుంది. వీడియోలో మాస్టారు చిన్న ఫొటో మీద చకచకా చేసింది మీ షీట్ మీద నత్తనడక నడిస్తే తప్పు మీ చేతిది కాకపోవచ్చు. ప్రాక్టీసు ఫైళ్లు ఇచ్చే కోర్సులు కొనాలనేది ఇందుకే. అవి దించుకుని పిక్సెళ్లు చూస్తే, ఎంత పెద్ద పని మీద నేర్పుతున్నారో తెలిసిపోతుంది.

ఫొటోషాప్‌కు నెలనెలా అద్దె కట్టలేనివాళ్లకు ఉచిత ఎడిటర్ జింప్ ఉంది. 2.10 వెర్షన్ 2018 ఏప్రిల్‌లో వస్తే 3.0 2025 మార్చిలో వచ్చింది. ఆ దాదాపు ఏడేళ్లలో తీసిన పాఠాలు పెద్దగా పాతబడలేదు. 3.0లో ఫిల్టర్లను తరవాత మళ్లీ సవరించుకునే వీలు వచ్చింది కాబట్టి ఇప్పుడు కొత్తవి వెతకాలి. పాఠాలను తెలుగు సహా భారతీయ భాషల్లోకి డబ్ చేసే ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో జింప్ వరుస ఉచితమే, కానీ అది పాత జింప్ మీద తీసింది. లేయర్లు, ఎంపికలు అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, మెనూల కోసం దాన్ని నమ్ముకోవద్దు. బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ, తెరను ఫొటోషాప్‌లాగే అమర్చింది కాబట్టి ఫొటోషాప్ పాఠాల్లో చాలావరకు అక్కడే సాధన చేయొచ్చు.

ఫొటోషాప్ ఉచిత ట్రయల్ 7 రోజులే. ముందు దాన్ని దించుకుని, తరవాత ఏ పాఠం మంచిదా అని వెతకడం మొదలుపెడితే నాలుగు రోజులు వెతుకులాటకే పోతాయి. పుస్తకమో కోర్సో ఎంచుకుని, మొదటి మూడు పాఠాలు జింప్‌లోనో ఫొటోపీలోనో చేసి చూసి, మాస్టారి గొంతు మీకు పడుతుందని తేలాక ట్రయల్ బటన్ నొక్కండి. కార్డు వివరాలు అడుగుతుంది కాబట్టి ఆరో రోజుకు ఫోన్‌లో అలారం కూడా పెట్టుకోండి.