డ్రమ్స్ లేవు... తాళం తప్పదు!

డ్రమ్స్ లేకుండా బ్యాండా? అమెరికాలో పుట్టిన సంప్రదాయ బ్లూగ్రాస్ సంగీతం అలాంటిదే. బాంజో, ఫిడేలు, మాండలిన్, గిటార్... అన్నీ తీగ వాయిద్యాలే. మరి తాళాన్ని కాచేదెవరు? మనిషంత ఎత్తు బేస్ పట్టుకుని వెనక నిలబడే వ్యక్తి! నాలుగు దెబ్బల లెక్కలో ఒకటికీ, మూడుకీ అతను తీగ మీటితే, రెండుకీ, నాలుగుకీ మాండలిన్ 'చక్' మంటుంది.

బాంజోలో ఓ స్వరం తప్పినా పాట సాగిపోతుంది. బేస్ పరుగందుకుంటే మాత్రం బృందమంతా దాని వెంటే పరుగు! అందుకే ఈ పనికి తొందరపడని, చప్పట్ల కోసం చూడని మనిషి కావాలి. అలాగని వాళ్లంతా ముభావులేం కాదు. 1946లో బిల్ మన్రో బృందంలో బేస్ వాయించిన హోవార్డ్ వాట్స్, సెడ్రిక్ రెయిన్‌వాటర్ పేరుతో జనాన్ని కడుపుబ్బ నవ్వించేవాడు. నవ్వించేది నోరు... లెక్క తప్పనిది చెయ్యి!