ఎవరికి ఏం తెలుసు?

షార్ట్‌ఫిల్మ్‌కి థ్రిల్లర్ రాసుకుంటున్నారా? 'బేసిక్ ఇన్‌స్టింక్ట్' (1992) చివరి షాట్ చూడండి. మంచం మీద జంట. కెమెరా మెల్లగా కిందికి దిగితే అక్కడ ఐస్ పిక్. మనకు తెలుసు, హీరోకి తెలీదు. దగ్గరైన మనిషే ప్రమాదమేమోనన్న అనుమానంతోనే ఇలాంటి కథలు నడుస్తాయి.

మన 'ఎవరు' (2019)లో అయితే మనకూ తెలీదు. తనపై అత్యాచారం చేసిన పోలీసు అధికారిని ఆత్మరక్షణకే కాల్చానంటుంది రెజీనా. అడివి శేష్ ప్రశ్నలు వేసే కొద్దీ అదే రాత్రి మళ్లీ మళ్లీ వస్తుంది. మనుషులు వాళ్లే, వాళ్ల మధ్య సంబంధమేంటన్నదే మారుతుంటుంది. (అత్యాచార ఆరోపణను మలుపు కోసం వాడుకోవడం మాత్రం నాకు ఇబ్బందిగానే అనిపించింది.)

దీనికి పెద్ద ఖర్చేం లేదు. ఎల్లంతకుంటలో ఒక గది, ఇద్దరు నటులు, ఫోన్ కెమెరా చాలు. ముందు కాగితం మీద రెండు గడులు గీయండి: ప్రేక్షకుడికి తెలిసింది, పాత్రకు తెలిసింది. సీన్ సీన్‌కీ నింపుకుంటూ పోండి.