అప్‌డేట్ తర్వాత ఫోన్ ఎందుకు మొరాయిస్తుంది?

రాత్రి ఫోన్‌లో సిస్టమ్ అప్‌డేట్ పెట్టి పడుకుంటారు. పొద్దున చూస్తే వాట్సాప్ తెరుచుకోవడానికే ఆలస్యం. ‘బాగున్న ఫోన్‌ను ఎందుకు కెలికావు బేటా’ అని ఇంట్లో పెద్దవాళ్ల కోపం. చాలాసార్లు ఫోన్‌కు ఏమీ అయ్యుండదు. లోపల ఒక తర్జుమా పని మళ్లీ మొదలై ఉంటుంది, అంతే.

ఆండ్రాయిడ్ యాప్‌లను ఎక్కువగా జావా, కోట్లిన్ భాషల్లో రాస్తారు. ఫోన్‌కు అవి చేరేది ‘డెక్స్’ అనే మధ్యరకం కోడ్‌గా. ప్రాసెసర్‌కు మాత్రం తన సొంత మెషీన్ కోడ్ తప్ప మరొకటి అర్థం కాదు. అందుకే మధ్యలో ఎవరో ఒకరు తర్జుమా చేయాలి. ఎప్పుడు చేయాలన్నదే అసలు పేచీ.

ఉర్దూలో జల్సా జరుగుతోంది, తెలుగువాళ్లూ వినాలి అనుకోండి. పక్కన ఒకరు నిలబడి ఒక్కో వాక్యం చెప్తూ పోవచ్చు. దీన్ని కంప్యూటర్లలో ఇంటర్‌ప్రెటర్ అంటారు. పని వెంటనే మొదలవుతుంది గానీ, ఒకే వాక్యం వందసార్లు వస్తే వందసార్లూ కష్టపడాలి. లేదా ప్రసంగం మొత్తం ముందే తెలుగులో రాయించి అచ్చు వేయించవచ్చు. ఇది అహెడ్ ఆఫ్ టైమ్, అంటే ఏఓటీ. చదవడం సులువు, కానీ అచ్చు అయ్యేదాకా ఆగాలి, కాగితం ఖర్చూ ఉంటుంది. మూడో దారి జస్ట్ ఇన్ టైమ్, జేఐటీ. పక్కన నిలబడినవాడే పదేపదే వచ్చే మాటలను గమనించి, వాటి తర్జుమా చీటీల మీద రాసిపెట్టుకుంటాడు.

ఆండ్రాయిడ్ ఈ మూడింటినీ చూసింది. మొదట్లో డాల్విక్ అనే ఇంజన్ ఉండేది. దానికి 2010లో ఆండ్రాయిడ్ 2.2తో జేఐటీ వచ్చింది. యాప్ మూసేస్తే చీటీలన్నీ పోయేవి, తెరిస్తే మళ్లీ రాసుకోవాలి. 2014లో ఆండ్రాయిడ్ 5.0తో డాల్విక్ స్థానంలో ఏఆర్‌టీ వచ్చి, యాప్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే మొత్తం తర్జుమా చేసేయడం మొదలుపెట్టింది. యాప్‌లు చురుగ్గా నడిచాయి. కానీ ఇన్‌స్టాల్‌కు టైమ్ పెరిగింది, మెషీన్ కోడ్ ఎక్కువ చోటు తినేది. 8 జీబీ ఫోన్లవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది కాదు. ఇక సిస్టమ్ అప్‌డేట్ వచ్చిందంటే, యాప్‌లను ఒక్కొక్కటిగా ఆప్టిమైజ్ చేస్తున్నానంటూ స్క్రీన్ మీద అంకెలు కదులుతుంటే చూస్తూ కూర్చోవాల్సిందే.

2016లో ఆండ్రాయిడ్ 7.0 రాజీ కుదిర్చింది. యాప్ వెంటనే ఇన్‌స్టాల్ అవుతుంది. మొదట ఇంటర్‌ప్రెటర్, జేఐటీ కలిసి నడిపిస్తాయి. ఏ భాగాలు ఎక్కువగా వాడుతున్నారో ఫోన్ ఒక చిట్టా రాసుకుంటుంది. తర్వాత చార్జింగ్‌లో ఉండి ఎవరూ వాడని వేళ, ఆ భాగాలను మాత్రమే ఏఓటీ పద్ధతిలో తర్జుమా చేసి దాచుకుంటుంది. సిస్టమ్ మారితే ఆ దాచిన కోడ్‌లో చాలాభాగం చెల్లకపోవచ్చు. అప్‌డేట్ తర్వాత కనిపించే నెమ్మదికి ఇదొక పెద్ద కారణం. కొత్త ఫోన్లు చాలావరకు రీస్టార్ట్‌కు ముందే ఈ పని కొంత కానిచ్చేస్తాయి కాబట్టి తేడా అంతగా తెలియదు.

మరి ముందే తర్జుమా చేసిందే ఎప్పుడూ వేగంగా నడుస్తుందా? అదేం లేదు. ముందుగా చేసేవాడికి రేపు ఏ దారి ఎక్కువ వాడతారో తెలియదు, కాబట్టి అన్ని దారులకూ సిద్ధంగా ఉండాలి. జేఐటీ కళ్లముందు జరిగేది చూస్తుంది. ఎప్పుడూ ఒకే దారి వాడుతుంటే దానికే సరిపడా కోడ్ బిగుతుగా తయారుచేస్తుంది. అంచనా తప్పితే ఆ కోడ్ వదిలేసి మళ్లీ నెమ్మది దారికి వస్తుంది. రోజుల తరబడి ఆగకుండా నడిచే జావా సర్వర్లకు ఇది బాగా కలిసొస్తుంది. హైదరాబాద్‌లో జావా మీద పనిచేసే పిల్లలకు ‘వార్మప్’ అనే మాట తెలిసే ఉంటుంది. సర్వర్ వేడెక్కేదాకా వేగం అందుకోదు. క్షణం పని చేసి ఆగిపోయే క్లౌడ్ ప్రోగ్రామ్‌లకు అంత తీరిక ఉండదు, వాటికి గ్రాల్‌వీఎం లాంటి ఏఓటీ పనిముట్లు వాడుతున్నారు.

ఐఫోన్ సంగతి వేరు. అక్కడ మామూలు యాప్‌లు నడుస్తూ నడుస్తూ కొత్త మెషీన్ కోడ్ తయారుచేసుకోవడానికి వీల్లేదు. కారణం భద్రత. అప్పటికప్పుడు రాసిన కోడ్‌ను నడిపించే చోటు హ్యాకర్లకూ పనికొస్తుంది. 2022లో ఐఓఎస్ 16తో వచ్చిన లాక్‌డౌన్ మోడ్ బ్రౌజర్‌లో కూడా జేఐటీని ఆపేస్తుంది. కొన్ని వెబ్‌సైట్లు నెమ్మదిస్తాయి, అది తెలిసి చేసిన బేరమే.

ఆండ్రాయిడ్ వాడే ఇళ్లలో చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. అప్‌డేట్ అయ్యాక ఒకటి రెండు రాత్రులు ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి వదిలేయండి. ‘బూస్టర్’, ‘క్లీనర్’ యాప్‌ల జోలికి పోవద్దు. అవి వెనకున్న యాప్‌లను చంపేస్తే మెమరీలోని చీటీలూ పోతాయి, మళ్లీ తెరిచినప్పుడు ఇంకా ఆలస్యం. రెండు మూడు రోజులైనా అలాగే ఉంటే ముందు స్టోరేజ్ నిండిందేమో చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఫొటోలతో పాటు ఫోన్ రాసుకున్న ఆ చిట్టా కూడా పోతుంది, కాబట్టి దుకాణంవాడు ఆ మాట ఎత్తినా తొందరపడి ఒప్పుకోకండి.