‘అదో టైపు’ మనుషుల లెక్క

1980లో పుట్టిన ఒక మనిషిని ఊహించుకోండి. మన వీధిలోనే ఉంటాడు, బ్యాంకులో పని. లెక్కలో పైసా తేడా రానివ్వడు. పెళ్ళికి పిలిస్తే అందరికంటే ముందు వస్తాడు, మైకు మోత మొదలవగానే బయట చెప్పులు విడిచే చోట నిలబడిపోతాడు. రైళ్ళ మాట కదిపితే మాత్రం గూడూరు నుంచి విజయవాడ దాకా స్టేషన్లన్నీ వరసగా అప్పజెబుతాడు, ఎదుటివాడు ఆవులిస్తున్న సంగతి గమనించడు. బంధువులు ఆయన్ని ఏనాడో రెండు ముక్కల్లో తేల్చేశారు: ‘అదో టైపు’.

మొన్న కొడుకు స్కూల్లో ఏదో అనుమానం వచ్చి డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడ పిల్లవాడి గురించి నింపమని ఇచ్చిన కాగితంలో సగం ప్రశ్నలు తన గురించే అడుగుతున్నట్టు ఉన్నాయి. నడివయసులో ఆటిజం అనుమానం చాలామందికి ఇలా బిడ్డల కాగితాల్లోంచే మొదలవుతుంది.

ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? ఆయన వయసును క్యాలెండర్ పక్కన పెడితే జవాబు దొరుకుతుంది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజాన్ని వర్ణిస్తూ రాసింది 11 మంది పిల్లల గురించి. వాళ్ళలో 8 మంది మగపిల్లలు. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో ఆటిజానికి ప్రత్యేక స్థానం ఇచ్చింది 1980లో, అంటే మనవాడు పుట్టిన ఏడాది. అప్పుడు దాని పేరు ‘శైశవ ఆటిజం’, లక్షణాలు 30 నెలల లోపే మొదలవ్వాలని షరతు. మాటలు బాగా వచ్చి, చదువులో ముందుండి, మనుషుల మధ్య మాత్రం తడబడే పిల్లలకు ‘ఆస్పర్గర్’ అనే పేరు అదే గ్రంథంలో చేరింది 1994లో. అప్పటికి మనవాడికి 14. ఇవన్నీ కలిపి ‘ఆటిజం స్పెక్ట్రమ్’ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చి, శబ్దం, వెలుతురు, స్పర్శ తట్టుకోలేకపోవడాన్నీ లక్షణంగా చేర్చింది 2013లో. అప్పటికి 33. పెళ్ళయింది, ఇంటి అప్పుకు వాయిదాలు నడుస్తున్నాయి. ఏ గడప దగ్గరా తలుపు తెరిచే సమయానికి ఆయన అక్కడ లేడు.

ఇది ఒక్కడి కథ కాదని ఇంగ్లండ్ లెక్కలు చెబుతాయి. 2007లో అక్కడ ఏడు వేలమందికి పైగా పెద్దవాళ్ళను వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి సర్వే చేశారు. వెయ్యికి దాదాపు 10 మందిలో ఆటిజం ఉందని అంచనా వచ్చింది. వయసు పెరిగినకొద్దీ ఆ నిష్పత్తి తగ్గలేదు. ఇప్పుడు డాక్టర్ల దస్త్రాలు చూడండి. 2018 నాటి వైద్య రికార్డులను లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు విశ్లేషిస్తే, 10 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో 34 మందికి ఒకరికి నిర్ధారణ ఉంది. 70 దాటినవారిలో 6,000 మందికి ఒకరికి. ఇంటింటికీ వెళ్తే తేడా లేదు, దస్త్రం తెరిస్తే ఇంత అగాధం. 50 దాటిన ఆటిస్టిక్ మనుషుల్లో పదికి తొమ్మిది మందికి నిర్ధారణే లేదని ఆ పరిశోధకుల అంచనా. ‘ఈమధ్య అందరికీ ఆటిజమేనట’ అని ఎద్దేవా చేసేవాళ్ళకు నా జవాబు ఇదే: పెద్దవాళ్ళ విషయంలో ఇది చాలావరకు పాత బాకీ వసూలు.

ఆడవాళ్ళ బాకీ ఇంకా పెద్దది. ఆటిజం ఉన్నవాళ్ళలో నలుగురు మగవాళ్ళకు ఒక ఆడమనిషి అని చాలాకాలం చెప్పుకున్నారు. 2017లో 54 అధ్యయనాలను కలిపి చూస్తే అది ముగ్గురికి ఒకరికి దగ్గరగా తేలింది. లెక్కకెక్కని ఆడవాళ్ళు లేక కాదు, పక్కవాళ్ళను చూసి నవ్వడం, తలూపడం కష్టపడి నేర్చుకుని నెట్టుకొచ్చారు. మన ఇళ్ళలో మాట్లాడని ఆడపిల్లకు ‘అణకువ’ అనే మెచ్చుకోలు ఎలాగూ సిద్ధం. స్కాట్లండ్ గాయని సూజన్ బాయిల్‌కు పుట్టుకలో మెదడు దెబ్బతిందని చిన్నప్పుడు చెప్పారు. అది ఆస్పర్గర్ అని తేలినట్టు ఆమె 2013లో వెల్లడించేనాటికి వయసు 52.

అనుమానం వచ్చిన మనిషి ముందుగా చేసేది ఫోన్‌లో ప్రశ్నల పరీక్ష. (నేనూ రాశాను, మార్కులు చెప్పను.) వీటిలో పేరున్నది 2001లో కేంబ్రిడ్జ్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం తయారుచేసిన ఏక్యూ: 50 ప్రశ్నలు, 32 వస్తే గీత దాటినట్టు. తొలి అధ్యయనంలో ఆటిస్టిక్ మనుషుల్లో 80 శాతం, మామూలు వాళ్ళలో 2 శాతం ఆ గీత దాటారు. వినడానికి గట్టి పరీక్షే. కానీ దాన్ని వెయ్యిమందితో రాయించి చూడండి. వాళ్ళలో ఆటిజం ఉన్నవాళ్ళు 10 అనుకుంటే గీత దాటేది 8 మంది. మిగిలిన 990 మందిలో 2 శాతం అంటే దాదాపు 20. మొత్తం 28 మందిలో అసలువాళ్ళు 8. అనుమానంతో వచ్చి రాసేవాళ్ళలో ఈ పాళ్ళు ఇంతకంటే మెరుగ్గా ఉంటాయి, నిజమే. అయినా ఆ మార్కు డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి కారణం అవుతుందే తప్ప నిర్ధారణ కాదు.

అసలు నిర్ధారణకు రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. 2013 నాటి నియమం ప్రకారం మనుషులతో మెలగడానికి సంబంధించిన మూడు లక్షణాలకు మూడూ ఉండాలి. ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడం, మార్పు సహించలేకపోవడం, ఒకే విషయం మీద పిచ్చి, శబ్ద స్పర్శల ఇబ్బంది అనే నాలుగింట్లో కనీసం రెండు ఉండాలి. ఇవన్నీ చిన్ననాటి నుంచే ఉన్నాయని తేలాలి. నడివయసు వాళ్ళకు చిక్కంతా ఈ చివరి షరతు దగ్గరే. నలభై ఐదేళ్ళ నాటి సంగతులకు సాక్షి ఎవరు? బతికుంటే అమ్మ. ‘ఏదైనా వింతగా కనిపిస్తే వేలుపెట్టి మీకు చూపించేవాడా?’ అని సైకాలజిస్టు అడిగితే, ‘నలుగురు పిల్లలు, బావి నీళ్ళు, అంత గమనించే తీరికెక్కడిది నాయనా’ అంటుంది. మరుక్షణం మురిపెంగా, ‘మావాడు బుద్ధిమంతుడు, ఎత్తుకోమని ఏడ్చేవాడే కాదు. వాళ్ళ నాన్న సైకిలు చక్రం తిప్పుకుంటూ పూటంతా గడిపేసేవాడు’ అంటుంది. డాక్టరు రాసుకునేది ఆ మురిపెం మాటే.

అసలు ఆ పరీక్ష దాకా చేరడమే ఒక తిప్ప. ఇంగ్లండ్‌లో డాక్టరు రాసిచ్చిన 13 వారాల్లోపు పరీక్ష మొదలవ్వాలని ప్రమాణం ఉంది. 2024లో అక్కడ ఎదురుచూస్తున్నవాళ్ళ వరస, పిల్లలతో కలిపి, 2 లక్షలు దాటింది. మన దగ్గర లెక్కే వేరు. 2011 జనగణనలో వైకల్యానికి 8 గడులుంటే ఆటిజానికి ఒక్కటీ లేదు. 2016 చట్టం దాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వోద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం తదితరాలకు కలిపి 1 శాతం ఇచ్చింది. అందాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. దానికి వాడే ఇసా అనే కొలమానం మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైందే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 స్వల్పం, 153 దాటితే తీవ్రం. తిప్పలన్నీ పైకి కనబడే పిల్లల్ని కొలవడానికి అది పనికొస్తుంది. నలభై ఏళ్ళుగా వాటిని దాచుకోవడం నేర్చిన బ్యాంకు ఉద్యోగి అందులో 70 చేరకపోవచ్చు. కాబట్టి డాక్టరు చెప్పే నిర్ధారణ వేరు, వైకల్యం సర్టిఫికెట్ వేరు. మొదటిది వచ్చి రెండోది రానంత మాత్రాన మొదటిది అబద్ధం కాదు.

ఇంత వయసొచ్చాక ఇదంతా ఎందుకు అంటారా? ఆటిజానికి మందు లేదు. కానీ ఏళ్ళ తరబడి ఆందోళనకో డిప్రెషన్‌కో మాత్రలు మింగుతున్న మనిషికి వైద్యం ఏ దారిన సాగాలో దీన్ని బట్టి మారుతుంది. ఆఫీసులో ట్యూబులైటు కింద నుంచి కుర్చీ మార్చమని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

పరీక్షకు వెళ్ళదలచుకుంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టును గానీ మానసిక వైద్యుణ్ణి గానీ కలవండి. అపాయింట్‌మెంట్ తీసుకునేముందే ‘పెద్దవాళ్ళకు ఆటిజం పరీక్ష చేస్తారా’ అని అడగండి. చాలాచోట్ల పిల్లలకే చేస్తారు. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే తీసుకెళ్ళండి. అమ్మ ఉంటే ఈ ఆదివారమే పక్కన కూచుని, మీ చిన్నతనం గురించి ఆమె చెప్పేది ఒక కాగితం మీద రాసుకోండి.