కారులోని తడి యెక్కడిది?

పప్పుడబ్బాలోని చెమ్మను, బీరువాలోని చెమ్మను వాసనచేతనే పసిగట్టు మనము, వాకిట నిలిచియున్న కారులోని చెమ్మను మాత్రము పురుషుల పనియని విడిచిపెట్టుచున్నాము. నేనును రెండు వానకాలములు అట్లే విడిచితిని. సోదరీమణులు నావలె ఆలస్యము చేయకుందురుగాక యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది మారుతి 800. 1983 డిసెంబరులో తొలుత వెలువడి, 2014 జనవరితో నిర్మాణము నిలిచిపోయిన యీ చిన్న కారు నేటికిని పలువురి యిండ్ల ముందు కలదు. మా కారునకు వయస్సు 20 ఏండ్లు దాటినది. ముందు ఎడమవైపున మా యత్తగారు కూర్చుందురు. వారి పాదములకడ తివాచీ తడిసియుండుట మొదట వారే కనిపెట్టిరి. చెప్పుల వెంట వచ్చిన వాననీరని మేమనుకొని పైన రబ్బరుపట్టా పరచితిమి. ఇంతకన్న తెలివితక్కువ పని లేదు. పట్టా క్రింద తడి యారదు, కంటికిని కనబడదు.

ముక్కవాసన హెచ్చినపిమ్మట ఒక మరమ్మతుశాలకు పంపితిమి. వారు ముందరి అద్దము చుట్టునున్న రబ్బరు చెడినదని క్రొత్తది వేసి సొమ్ము పుచ్చుకొనిరి. తడి తగ్గలేదు. అప్పుడు మా యత్తగారు, "అమ్మాయీ, వారంరోజులుగా చినుకు లేదు గదా, ఈ నీళ్లెక్కడివే?" యనిరి. మెకానిక్కు అడుగవలసిన ప్రశ్న అదియే.

వాన లేనినాడును తడి కనబడినచో, మొదట ఏసీని అనుమానింపవలెను. చల్లని నీరు పోసిన యిత్తడి చెంబునకు వెలుపల చెమట పట్టుట మనమెరుగుదుము. ఏసీలోని చల్లని గొట్టములకును అట్లే గాలిలోని తేమ నీరై పట్టును. ఆ నీరు ఒక సన్నని రబ్బరు గొట్టముగుండ కారు క్రిందికి జారిపోవలెను. ఆ గొట్టము ధూళిచేత పూడినచో నీరు వెనుకకు మరలి పాదములకడ కారును. దీనిని పరీక్షించుట మిక్కిలి సులభము. ఉక్క పోయునాడు కారును ఆరుబయట నీడలో నిలిపి, 15 నిమిషములు ఏసీ నడిపి, క్రింద నేలను చూడవలెను. బొట్లు పడినచో గొట్టము బాగున్నట్లే. మా కారు క్రింద నేల పొడిగా నుండెను! గొట్టమును శుభ్రపరచుటకు మెకానిక్కునకు పది నిమిషములు పట్టినది.

ఆ నీరు రంగుగా, జిగటగా నుండి తీపివాసన వేసినచో అది వేరు సంగతి. అది యింజనును చల్లబరచు ద్రవము; హీటరు గొట్టములనుండి కారుచున్నదన్నమాట. అది విషము. పిల్లలను దగ్గరకు రానీయక వెంటనే బాగుచేయింపవలెను.

ఇక వాననీటి విషయము. తడి కనబడినచోటనే నీరు ప్రవేశించినదని తలపరాదు. పెంకుటింట చూరు ఒకచోట చెడిన, నీరు వాసము వెంట జారి మరియొకచోట కారును గదా! కావున వెదకుటకు ఇద్దరు కావలెను. ఒకరు తివాచీ యెత్తి దీపముతో లోపల కూర్చుండవలెను. రెండవవారు గొట్టముతో మెల్లగా నీరు పోయవలెను. అదియును క్రిందినుండి పైకి, ఒక్కొక్కచోట ఐదేసి నిమిషములు. మొదటనే కప్పుపై పోసినచో నీరు అన్నిచోట్లకును జారి యేమియు తెలియదు. లోపలి రేకుపై ముందుగా పిల్లల పౌడరు చల్లియుంచినచో నీటిచార స్పష్టముగా కనబడును. తలుపు రబ్బరును పరీక్షించుటకు ఒక కాగితపు ముక్కను మధ్య నుంచి తలుపు వేసి లాగవలెను. బిగువు లేక వచ్చినచోట రబ్బరు అణగిపోయినదని యర్థము. ముందరి అద్దము క్రింద తుడుపుకఱ్ఱలయొద్ద ఎండుటాకులు చేరి నీటిదారిని మూసివేయుట చెట్టుక్రింద నిలుపు కార్లకు సామాన్యము. వెనుక దీపముల చుట్టునున్న రబ్బరును, నేలరేకులోని రబ్బరు బిరడాలను గూడ చూడవలెను.

తలుపుల విషయమున నాకు మిక్కిలి యాశ్చర్యము కలిగినది. కిటికీ యద్దము ప్రక్కనుండి వాననీరు తలుపులోనికి దిగుట లోపము కాదట! దిగిన నీరు అడుగునున్న రంధ్రములనుండి పోవునట్లే తలుపును చేసియుందురు. ఆ రంధ్రములు మట్టిచే పూడినచో తలుపు తీయునపుడు లోపల నీరు చప్పుడగును. లోపలి అట్టవెనుక ఒక ప్లాస్టికు తెర యుండును. నీటిని కారులోనికి రానీయనిది అదియే. స్పీకర్లు బిగించువారు దానిని చించి, మరల అంటింపక అట్టను మూసివేయుదురు. బ్యూటైలు పట్టీతో ఆ తెరను తిరిగి అంటించిన చాలును. పుల్లని వాసన వేయు సిలికోనును రేకుపై పూయనీయకుడు. దానివలన ఇనుము త్రుప్పు పట్టును.

తడి వచ్చు దారిని మూసినంతమాత్రమున పని కాలేదు. తివాచీ క్రిందనుండు మందపాటి దళసరి పొర నీటిని దూదివలె పీల్చి వారములతరబడి దాచుకొనును. దానిని పూర్తిగా పైకితీసి రెండుమూడు దినములు ఎండబెట్టవలెను. బూజుపట్టి చివికినచో పారవేయుటయే మేలు. దగ్గు, ఉబ్బసము గలవారున్న యింట ఆ బూజు మంచిది కాదు.

మేము తివాచీ యెత్తిననాడు నాకు గుండె ఝల్లుమన్నది. నేలరేకు ఎఱ్ఱబారియుండెను. మెకానిక్కు స్క్రూడ్రైవరుతో ఒత్తగా అది కాగితమువలె చినిగినది. అదియును మా యత్తగారి యాసనమును బిగించిన బోల్టునకు జానెడు దూరముననే! ఇంకొక వానకాలము గడచియున్నచో, ఏ కుదుపునకో ఆసనము ఊడివచ్చెడిది. త్రుప్పు పట్టిన భాగమును కోయించి, క్రొత్త రేకు వెల్డింగు చేయించి, త్రుప్పును నిలుపు రంగు వేయించితిమి. పైపై త్రుప్పయినచో ఇనుప బ్రష్షుతో గీకి రంగు వేసిన సరిపోయెడిది. మొదటి తడినాడే చూచియున్నచో గొట్టము శుభ్రపరచిన కూలితో పోవుపని, ఆసనమును విప్పి రేకు మార్చువరకు వచ్చినది.

ఇప్పుడు తివాచీ క్రింద నాలుగు మూలలను పాత వార్తాపత్రికలు పరచియుంచితిని. వాన వెలసిన మరునాడు వానిని తీసి చూచుట మా యత్తగారు తమ పనిగా పెట్టుకొనిరి. ఈ యేడు ఇంతవరకు ఒక్క కాగితమును తడియలేదు.