బ్రాయిలర్ దాణాలో పసుపు, వాము: ప్రేగుల ఆరోగ్యం, మోతాదు నిర్ణయం

పెరుగుదల కోసం యాంటీబయోటిక్‌లను స్వల్ప మోతాదులో దాణాలో కలిపే పద్ధతిని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి నిషేధించింది. మన దేశంలో ఆహారోత్పత్తికి పెంచే జీవాలలో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిలిపివేసింది. వీటికి ప్రత్యామ్నాయంగా పసుపు, వాము, వెల్లుల్లి వంటి మొక్కల ఉత్పత్తులు ప్రచారంలోకి వచ్చాయి. అయితే వీటిపై జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. కొన్నింటిలో కోళ్ళ బరువు, దాణా మార్పిడి నిష్పత్తి మెరుగుపడగా, మరికొన్నింటిలో ఏ తేడా కనిపించలేదు. ఈ వైరుధ్యానికి ఒక ముఖ్య కారణాన్ని కోళ్ళ షెడ్డులో కంటే ముందు పసుపు, వాము పండిన పొలంలో వెతకవలసి ఉంటుంది.

ఆరు వారాలలో రెండు కిలోలు దాటే బ్రాయిలర్‌లో పోషకాల శోషణ ప్రధానంగా చిన్న ప్రేగులోని విల్లైల ద్వారా జరుగుతుంది. రక్తపారుడు వ్యాధిని కలిగించే ఐమీరియా పరాన్నజీవులు ప్రేగు గోడను గాయపరచినప్పుడు క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ విజృంభించి నెక్రోటిక్ ఎంటరైటిస్‌కు దారితీస్తుంది. వాములోని థైమాల్ ఇటువంటి బాక్టీరియాల కణత్వచాన్ని సడలింపజేసి, లోపలి పొటాషియం బయటకు కారిపోయేటట్లు చేస్తుంది. పసుపులోని కుర్కుమిన్ ప్రేగు గోడలో వాపును, ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గిస్తుంది.

ఈ పని చేసేది క్రియాశీల పదార్థం. రైతుకు అందే సిఫారసు మాత్రం 'టన్ను దాణాకు ఇన్ని కిలోల పొడి' అనే రూపంలో ఉంటుంది. పసుపులో కుర్కుమిన్ రకాన్ని బట్టి సుమారు 2 నుండి 5 శాతం వరకు మారుతుంది. కిలో దాణాకు 5 గ్రాముల పొడి కలిపితే మొదటి రకంతో 100 మిల్లీగ్రాములు, రెండవదానితో 250 మిల్లీగ్రాములు అందుతాయి. కాగితంపై ఈ రెండూ ఒకే చికిత్స! వాము విషయంలో లెక్క మరింత నిరాశ కలిగిస్తుంది. గింజలో 3 శాతం నూనె, అందులో సగం థైమాల్ అనుకుంటే, టన్నుకు కిలో గింజలు కలిపినప్పుడు కిలో దాణాలో థైమాల్ 15 మిల్లీగ్రాములకు మించదు. 100 మిల్లీగ్రాములు కావాలంటే టన్నుకు దాదాపు 7 కిలోల గింజలు అవసరం. పొడి చేసి నిల్వ ఉంచినా, పెల్లెట్ తయారీలో ఆవిరి వేడి తగిలినా థైమాల్ కొంత ఆవిరైపోతుంది. బూజు పట్టి ధర పలకని పసుపును దాణాకు మళ్ళించడం మరింత ప్రమాదకరం. అందులో ఉండగల అఫ్లాటాక్సిన్ కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

పదార్థం ప్రేగులో ఏ భాగానికి చేరుతుందన్నది కూడా ముఖ్యమే. థైమాల్ ప్రేగు పైభాగంలోనే త్వరగా శోషించబడుతుంది కనుక కింది భాగానికి అందేది తక్కువ. కొవ్వు పూతతో గుళికలుగా తయారుచేయడానికి కారణమిదే. కుర్కుమిన్ దీనికి భిన్నం. అది రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. మానవ వైద్యంలో లోపంగా పరిగణించే ఈ గుణం, ప్రేగులోనే పని జరగవలసిన చోట ఉపయోగకరమే.

ప్రయోగం జరిగే పరిసరాలు కూడా ఫలితాన్ని మారుస్తాయి. శుభ్రమైన పంజరాలలో వ్యాధికారక ఒత్తిడి స్వల్పం కావడంతో సంకలితం ప్రభావం బయటపడే అవకాశం తక్కువ. అందువల్ల రైతు స్థాయి పరీక్షలను పాత ఊక లిట్టర్‌పై, ఒకే హ్యాచరీ పిల్లలను ఒకే షెడ్డులో విభజించి, సంకలితం లేని గుంపుతో పోల్చి నిర్వహించాలి. వాడిన పొడి నమూనాలో కుర్కుమిన్ లేదా థైమాల్ శాతాన్ని ముందే విశ్లేషించి, బరువు, మరణాల వివరాలతోపాటు నమోదు చేయాలి.